కాడి పడ్డ బేరం

చిట్యాల అంగడిలో ఎడ్లు కొనేవాళ్లు పండ్లు చూడకుండా, గిట్టలు తట్టకుండా పగ్గం అందుకునేది ఒక్క జానయ్య దగ్గరే. అంగడికి దక్షిణాన రెండు కోసుల దూరంలో అతని ఊరు. కాస్తంత చెలక ఉండేది కానీ దాని మీద పండే జొన్నలు ఏడాది పొడుగునా రావు. అందుకని కోడెదూడలను తెచ్చి, మేపి, నాగలి నేర్పి అమ్మేవాడు. ఆ నేర్పడంలో అతనికి తొందర ఉండేది కాదు. మొదట ఉత్త కాడి, ఆ తర్వాత కాడికి ఓ మొద్దు, అది అలవాటయ్యాకే నాగలి. ముల్లుగర్ర ముట్టేవాడు కాదు. నాలుకతో ఒక చప్పుడు చేస్తే అతని ఎడ్లు కదిలేవి, మరో చప్పుడుకు ఆగేవి. అమ్మేటప్పుడు కొన్నవాడికి ఆ రెండు చప్పుళ్లూ నేర్పి పంపేవాడు.

ఎద్దులో ఐబు, అంటే ఏదైనా లోపం, ఉంటే ధర మాట్లాడకముందే చెప్పేసేవాడు. అది అతని భార్య సోమమ్మకు మింగుడుపడేది కాదు.

"వాగు నీళ్లకు బెదురుతదని నువ్వే చెప్తివి. ఇగ ఎవడు కొంటడయ్యా?"

"చెప్పకుంటె కొన్నోడు బండితోని సహా వాగుల పడతడు గదనే."

అంగడిలో బేరాలు కుదిర్చే దళారి కాటమయ్య. అమ్మేవాడి చెయ్యి, కొనేవాడి చెయ్యి తన తువ్వాల కిందికి తీసుకుని వేళ్లు నొక్కి ధర తెగ్గొట్టేవాడు. కాగితం ఉండేది కాదు. కానీ అంగడికి ఒక కాయిదా ఉండేది, అందరికీ అది నోటికి వచ్చు. నచ్చితేనే కొంటానని ఎడ్లను తోలుకుపోయినవాడు వాటిని ఇంట్లో కట్టేసి చూడొచ్చు, నడిపించి చూడొచ్చు, నచ్చకపోతే వాపసు తోలొచ్చు. కానీ తన చేలో కాడి కట్టి దున్నాడంటే కొన్నట్టే. ఆ క్షణం నుంచి ఎడ్లు చచ్చినా బతికినా వాడివే, ధర ఇచ్చి తీరాలి. తగాదా వస్తే కాటమయ్య ఈ కాయిదా చెప్పేవాడు, అంతటితో తగాదా తెగిపోయేది.

నలభై ఏడులో, మిరుగం కార్తె ముందు అంగడికి జానయ్య ఒక జోడిని తోలుకొచ్చాడు. ఒకటి ఎర్రది, ఒకటి మచ్చలది. ఆ రెండూ దూడలప్పటి నుంచి ఒకే గాట్లో పెరిగినవి. వాటి మీద అతని ఊరి గడి గుమాస్తా ఎల్లస్వామి కన్ను పడింది. గడి అంటే దొర ఇల్లు. ఊరి భూమిలో సగం ఆ ఇంటిదే. కాటమయ్య తువ్వాల కింద ధర కుదిరింది.

"జోడి బాగనే ఉన్నది. గని దొర చూడంది కొనం. తోల్కపోయి చూస్తం. నచ్చితె పైసలు, నచ్చకుంటె నీ ఎడ్లు నీకు," అన్నాడు ఎల్లస్వామి.

గడిని కాదనే ధైర్యం ఎవరికీ లేదు. జానయ్య చేతులు జోడించాడు. "మంచిదయ్యా. గని నచ్చకముందు చెల్కల కట్టకుండ్రి. కడితె కొన్నట్టే."

"అంగడి కాయిదా నాకే చెప్తున్నవారా?" అని ఎల్లస్వామి నవ్వాడు. పగ్గాలు అందుకున్నాడు.

వాన పడింది. జానయ్య అటుగా పోతూ చూస్తే తన జోడి దొర చెలకలో దున్నుతూ కనబడింది. అతనికి సంతోషమే కలిగింది. బేరం ఖాయమైందనుకుని గడికి పోయి, వాకిట్లో నిలబడి ధర అడిగాడు.

"తొందరేందిరా? ఇంక చూస్తున్నం," అన్నాడు ఎల్లస్వామి.

తర్వాత ఎప్పుడు పోయినా అదే మాట. దొరకు ఉన్న చెలకలన్నీ ఆ జోడితోనే దున్నించారు. పొద్దు పొడవకముందు కట్టి, చీకటి పడ్డాక విప్పేవాళ్లు. మేత చాలేది కాదు. మెడ మీద చర్మం లేచి పుండ్లు పడ్డాయి, వాటి మీదే కాడి పెట్టేవాళ్లు. జానయ్య గట్టు మీద నిలబడి చూసి, ఇంటికొచ్చి ఏమీ తినకుండా పడుకునేవాడు. ఒకనాడు మచ్చలది సాలులోనే కూలబడింది. తోక మెలిపెట్టారు, పొడిచారు, కళ్లలో కారం కొట్టారు. అది లేవలేదు. మధ్యాహ్నానికి చచ్చిపోయింది.

జానయ్యను గడికి పిలిపించారు. కాటమయ్యను కూడా చిట్యాల నుంచి రప్పించారు. ఊరి పెద్దలు కింద కూర్చుంటే దొర అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు.

"సచ్చిన ఎద్దు ఎవలది కాటమయ్యా? అంగడి కాయిదా చెప్పు," అన్నాడు దొర.

కాటమయ్య భుజం మీది తువ్వాల తీసి చేతుల్లో నలిపాడు. జానయ్య వైపు చూడలేదు. "పైసలు ముట్టంది బేరం కాదు దొరా. ఎద్దు జానయ్యదే."

జానయ్యకు తన చెవుల మీద నమ్మకం పోయింది. "గదేంది కాటమయ్యా? నువ్వే గదా..." అంటుండగానే ఎల్లస్వామి చెంప మీద కొట్టాడు.

"నీ ఎద్దు సచ్చి మా దున్నుడు ఆగింది. అదను పోతాంది," అన్నాడు ఎల్లస్వామి. "జోడి చూద్దామని తెచ్చినం. ఒంటెద్దుతోని జోడి ఎట్ల చూడాలెరా? రెండోది నువ్వే."

పెద్దల్లో ఒకరిద్దరు నవ్వారు, దొర నవ్వుతున్నాడు కనుక. జానయ్య కూడా అది మాటవరసకు అన్నదే అనుకున్నాడు. చెలకకు తీసుకుపోయి మెడ మీద కాడి పెట్టి, గొంతు కింద నుంచి పలుపు బిగించేదాకా అట్లాగే అనుకున్నాడు.

ఎర్ర ఎద్దు అతనికంటే ఎత్తు. కాడి ఒకవైపుకు ఒరిగి, బరువంతా అతని కుడి భుజం మీద పడింది. నాగలి పట్టిన జీతగాడు ఎద్దును అదిలించాడు. అది కదల్లేదు. మెడ తిప్పి పక్కనున్న మనిషిని వాసన చూసింది. ముల్లుగర్రతో పొడిస్తే తొడ మీద రక్తం కారింది, అయినా కదల్లేదు.

"నీ సప్పుడు సెయ్యిరా," అన్నాడు ఎల్లస్వామి.

జానయ్య చెయ్యలేదు. ముల్లుగర్ర ఈసారి అతని పిరుదులో దిగింది. అతను చప్పుడు చేశాడు. ఎద్దు అడుగేసింది. ఎద్దుతో సమానంగా మనిషి నడవలేడు. ఉరికాడు, తట్టుకుని పడ్డాడు, పలుపు గొంతుకు బిగుసుకుంది. ఎద్దు ఆగింది. లేపి నిలబెట్టారు. మళ్లీ చప్పుడు చెయ్యమన్నారు. పడ్డ ప్రతిసారీ లేచి, తనను ఈడ్చుకుపొమ్మని తన ఎద్దుకు తనే చెప్పాల్సి వచ్చింది. సోమమ్మ గట్టు మీద నుంచి మొత్తుకుంటుంటే ఇద్దరు పట్టుకుని నిలబెట్టారు, చూడాలని. ఆ చెలక ముక్క దున్నుడు అయ్యేదాకా విప్పలేదు. భుజం మీది ఎముక ఎప్పుడు విరిగిందో జానయ్యకు తెలియదు. ఆ తర్వాత అతని కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవలేదు.

ఎర్ర ఎద్దును మాత్రం ఇవ్వలేదు. ఇంకా చూస్తున్నామన్నారు.

కొన్నాళ్లకు కాటమయ్య ఒక బుడ్డిలో ఆముదం పట్టుకుని జానయ్య ఇంటికొచ్చాడు. గుమ్మం బయటే కూర్చున్నాడు. "అబద్ధమాడిన జానన్నా. ఆడకుంటె నన్ను కట్టుదురు," అన్నాడు. సోమమ్మ ఆ బుడ్డిని తీసుకుని అతని ముందే బండకు కొట్టింది.

మరుసటి ఏడు, దొరల మీద తిరగబడ్డ సంఘం దళాలు ఆ చుట్టుపక్కలకు వచ్చాయి. ఊళ్లవాళ్లు దళంతో కలిసి గడి మీద పడ్డారు. దొర ముందే పట్నం పారిపోయాడు, ఎల్లస్వామి కూడా. దళానికి నాయకుడు భిక్షపతి అనే పడుచువాడు. కొట్టం తలుపులు తెరిపించి, ఎవరి పసులను వాళ్లు తోలుకుపొమ్మన్నాడు. జానయ్య వాకిట్లో నిలబడి నాలుకతో చప్పుడు చేశాడు. ఎర్రది గుంపులోంచి తోసుకుని వచ్చి అతని ముందు నిలబడింది. ఒళ్లంతా ఎముకలే ఉన్నాయి.

కాటమయ్యను చేతులు వెనక్కి కట్టి తెచ్చారు. వేళ్లు నరకాలన్నారు కొందరు. భిక్షపతి జానయ్యను అడిగాడు.

"చెప్పు జానన్నా, ఏం చెయ్యాలె?"

"కొట్టకుండ్రి. అంగడి కాయిదా ఏందో ఊరందరి ముంగట చెప్పమనుండ్రి. నాకు గది చాలు."

కాటమయ్య ఏడుస్తూ చెప్పాడు. దొర చెలకలో కాడి పడ్డనాడే బేరం ఖాయమైందని, ఆనాటి నుంచి రెండు ఎడ్లూ దొరవేనని, చచ్చిన ఎద్దు నష్టం దొరదేనని, తాను భయపడి అబద్ధం చెప్పానని. జనం వినబడేదాకా మళ్లీ మళ్లీ చెప్పించారు. సంఘం తీర్పు చెప్పింది: రెండు ఎడ్ల ధర దొర ఇవ్వాలి, ఇచ్చేదాకా ఎర్ర ఎద్దు జానయ్య గాట్లోనే ఉండాలి. ఆ రోజు జానయ్య కడుపునిండా తిన్నాడు. ఎద్దు మెడ పుండుకు వేపాకు నూరి పట్టించాడు.

వానాకాలం చివర నిజాం మీదికి యూనియన్ సైన్యం వచ్చింది. రజాకార్ల పీడ పోయిందని ఊళ్లో పీర్లపండుగప్పటిలా డప్పులు కొట్టారు. ఆ డప్పుల వెనకే దొర కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకుని మిలిటరీ జీపులో దిగాడు, పక్కన ఎల్లస్వామి. గడి సొమ్ము ఎవరింట్లో ఉంటే వాళ్లు సంఘం దొంగలని దండోరా వేయించారు. గాట్లోని ఎర్ర ఎద్దుతో సహా జానయ్యను మిలిటరీ క్యాంపుకు పట్టుకుపోయారు.

క్యాంపులోని అధికారికి తెలుగు రాదు. ఎల్లస్వామి ఇటు మాట అటు చెప్పేవాడు.

కాటమయ్యను సాక్ష్యానికి నిలబెట్టారు. ఎద్దు ఎవరిదని అడిగారు. అతను ఈసారి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

"దొరదే. దొర చెల్కల కాడి పడ్డది. ఆనాడే బేరం ఖాయమైంది. జానయ్యే నాతోని ఊరందరి ముంగట చెప్పిచ్చిండు."

అధికారి జానయ్య వైపు తిరిగాడు. నిజమేనా అన్నట్టు తల ఎగరేశాడు.

"నిజమే సాబ్," అన్నాడు జానయ్య. "దొర కొన్నడు. గని ధర ఇయ్యలే. ఒకదాన్ని సంపిన్రు, నన్ను దాని తావున కట్టిన్రు, రెండిటికీ ఒక్క పైస ఇయ్యలే."

ఎల్లస్వామి అధికారికి రెండు ముక్కల్లో చెప్పాడు. ఆ మాత్రం ఉర్దూ జానయ్యకూ అర్థమైంది. ఎద్దు దొరదేనని ఒప్పుకున్నాడు, అంతే. జానయ్య కాదు కాదని అరిచాడు. తుపాకి మడమతో కొడితే, విరిగి అతికిన భుజమే మళ్లీ విరిగింది.

గడి ఎద్దును దొంగిలించాడని, సంఘం వాళ్లకు అన్నం పెట్టాడని జైల్లో వేశారు. ఎర్ర ఎద్దును ఆ ఏడే అంగడిలో అమ్మేశారు. బేరం కుదిర్చింది కాటమయ్యే. కొన్నవాడికి ఆ చప్పుళ్లు ఎవరూ నేర్పలేదు, అందుకని ముల్లుగర్రతోనే తోలుకుపోయాడు.

జానయ్య యాభై ఒకటి ఎండాకాలం మొదట్లో బయటికొచ్చాడు. జైల్లో ఒకతను చెప్పిన గుర్తు పట్టుకుని నల్గొండలో ఒక వకీలు ఇంటికి పోయాడు. వకీలు మంచివాడే. చాపేసి కూర్చోబెట్టి, మొదటి నుంచి చివరిదాకా విన్నాడు.

"మీ అంగడి కాయిదానే కోర్టు కాయిదా కూడా," అన్నాడు. "చూస్తనని తెచ్చుకున్నోడు తనదాని లెక్క వాడుకుంటె, కొన్నట్టే. సచ్చిన ఎద్దు నష్టం దొరదే. రెండిటి ధర నీకు రావాలె."

"మరి నేను దొంగ ఎట్లయిన సాబ్?"

"పైసలియ్యకున్నా ఎద్దు దొరదే అయింది. ఒక్కసారి అప్పజెప్పినంక, పైసల కోసమని మళ్ల తెచ్చి కట్టేసుకునే హక్కు అమ్మినోనికి లేదు. ధర కోసం దావా వెయ్యాలె."

"వేస్త. ఇయ్యాల్నే వేస్త."

వకీలు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "దావాకు మూడేండ్ల గడువు. గది దాటిపోయింది జానయ్యా."

"జైల్ల ఉంటి గద సాబ్! జైల్ల ఉండి ఎట్లేస్త?"

"జైల్ల ఉన్న కాలాన్ని కోర్టు గడువుల నుంచి తీసెయ్యది."

వకీలు భార్య మజ్జిగ తెచ్చి ఇస్తే జానయ్య తాగి, గ్లాసు కడిగి బోర్లించి బయటికి వచ్చాడు.

ఇల్లు చేరేసరికి సోమమ్మ జొన్న గట్క పొయ్యి మీద నుంచి దించుతోంది. అతను జైల్లో ఉండగా చెలక కూడా గడి కిందికే పోయింది. చిప్పలో గట్క పెట్టి ముందుకు జరిపింది.

"ఏమన్నడయ్యా వకీలు?"

"నాదే న్యాయం అన్నడు. గని అడిగే గడువు దాటిందట."

అతను ఎడమచేత్తో తినడం ముగించేదాకా ఆమె ఆగింది. "మరి రేపు కూలికి వస్తవా? ఆముదపు గెలలు తెంపాలె. ఒంటిచేత్తోనైనా తెంపొచ్చు."

"ఎవలది చేను?"

"ఇంకెవలది ఉన్నది ఈ ఊళ్లె?" అంది సోమమ్మ.

పొద్దున్నే ఇద్దరూ పోయారు. గట్టు మీద ఎల్లస్వామి కూలోళ్లను లెక్క పెట్టుకుంటున్నాడు. జానయ్య చెయ్యి చూసి, అతనికి సగం కూలే ఇస్తానన్నాడు. జానయ్య ఒప్పుకుని సాలులోకి దిగాడు.