ముడి పడిన నవ్వు

ఆ పిల్ల పేరు అడగలేదు. చేతులు మాత్రం గుర్తున్నాయి. ఐసెలిన్ స్టేషన్‌లో రైలెక్కగానే మా అమ్మాయి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కిటికీ వైపు తిరిగిపోయింది. ఎదుటి సీట్లో పాతికేళ్ల తెలుగమ్మాయి గుడ్డబొమ్మ తలను ఒళ్లో పెట్టుకుని కుడుతోంది. సూదిని తల వెనక నుంచి దూర్చి, పెదవి చివర పైకి తీసి, మళ్లీ వెనక్కి పంపి దారం లాగుతోంది. లాగితే లోపలి దూది అణిగి బుగ్గ లేస్తోంది. వదిలితే మొహం చప్పబడిపోతోంది.

"ఎవరమ్మా ఈవిడ?" అన్నాను.

"మా మామ్, ఆంటీ. ఎక్స్‌ప్రెషన్ కరెక్ట్‌గా వచ్చాకే నాట్ వేయాలి, తర్వాత చేంజ్ చేయలేం. స్మైల్ ఒక్కటే రావట్లేదు." నా మొహంలోకి చూసింది. "మీ మౌత్ తనలాగే ఉంది. ఒకసారి స్మైల్ చేస్తారా?"

అడిగింది కదా అని నవ్వాను. నన్ను చూస్తూ దారం లాగింది, కొంచెం వదిలింది, మళ్లీ పిసరంత లాగింది. బొమ్మ పెదవులు సాగాయి. కళ్ల దగ్గర ఏమీ కదల్లేదు.

"యా, ఇదే," అంది మెల్లగా. "డాడ్ ఇంట్లో ఉంటే మామ్ ఎగ్జాక్ట్‌గా ఇలాగే నవ్వుతుంది."

తల వెనక ముడి వేసి దారం తెంపింది.

నేనింకా నవ్వుతూనే ఉన్నాను. పక్కకి చూస్తే, ఎప్పుడు తీసిందో, మా అమ్మాయి ఇయర్‌ఫోన్స్ చేత్తో పట్టుకుని ఆ బొమ్మనే చూస్తోంది. దిగేదాకా నా వైపు తిరగలేదు.