జీపులా అరిచిన మొగుడూ పెళ్లాం

మా జీపులో ఫోర్‌వీల్ లివర్ లాగితే ఏదో సౌండ్ వస్తోంది. తీరా ఈ రోజు గాజువాక షెడ్డుకి తీసుకెళ్తే అది కిక్కురుమనలేదు.

"ఏటి సౌండు వదినా?" అన్నాడు మెకానిక్.

మా ఆయన "గుర్ర్ర్" అన్నారు. నేను "కాదు, కటకటకట" అన్నాను. షెడ్డు మధ్యలో ఇద్దరం పోటీపడి అరిచాం.

మెకానిక్ కళ్లు మూసుకుని విన్నాడు. "అన్న సౌండైతే బేరింగు పోయినట్టు. నీదైతే సైను సాగిపోయినట్టు."

నాలుగు చక్రాలకీ పవర్ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పితే, లోపల చైను బట్టలారేసే తాడులా వేలాడుతోంది! కొత్తది వేశాడు. మా ఆయన మొహం మాడ్చుకున్నారు.

బయల్దేరుతుంటే ఒక లారీ డ్రైవర్ అడ్డొచ్చాడు. "అక్కా, నా బండి కూడా ఓపాలి ఇని, ఈడికి అరిసి సెప్పవా?"

విన్నాను, అరిచాను. మా ఆయన మాత్రం జీపులోంచి హారన్ కొడుతూనే ఉన్నారు.

మీ బండ్లు ఎలా అరుస్తున్నాయో కామెంట్లో రాయండి.