కాయ కోతకొచ్చిన దొంగ ఓటర్లు

మా పర్చూరు పక్క మిరప వేసినవాడు పెళ్లాంతో తగువుపడ్డా ఆ రోజుకు బువ్వ దొరుకుతుందిగాని, కోత కూలీల ముఠా మేస్త్రితో తగువుపడితే పంట ఇంటికి రాదు. నా మేస్త్రి పేరు పిచ్చమ్మ. మనిషి పొట్టి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనంత. మొగుడు పోయాక ఇద్దరు ఆడపిల్లల్ని వెంటేసుకుని కూలికొచ్చిన మనిషి, ఆ గొంతుతోనే మేస్త్రి అయింది. ఎవరైనా తొడిమ ఊడేట్టు కాయ తెంపారా, సాలు ఆ చివర్నుంచే తిట్లు లంకించుకుంటుంది. సాయంత్రం ముఠాలో ఆఖరి మనిషి ఎక్కిందాకా తాను ట్రక్కు ఆటో ఎక్కదు. "ఎందుకమ్మా ఆ హైరానా?" అంటే, "ఇంటికి చేరుస్తానని వాళ్ల మొగుళ్లకీ అత్తలకీ మాటిచ్చి తెచ్చుకుంది నేనన్నా, నువ్వా?" అంటుంది.

మిరప కోతకొచ్చే ఆడవాళ్లని ఎప్పుడైనా చూశారా? చీర మీద మగవాళ్ల చొక్కా, నెత్తిన గుడ్డ, కళ్లు తప్ప మొహమంతా తువ్వాలు. అలా కట్టుకోకపోతే ఆ ఘాటుకు మధ్యాహ్నానికల్లా మొహం నిప్పులగుండం. పొద్దున్నే చలిగాలికి ఆటోలోనే కట్టేసుకుంటారు. ఈ సంగతి మా ఊళ్లో పసిపిల్లాడికి కూడా తెలుసు. తెలిసినవాళ్లే ఒక్క పూటలో ఎలా మర్చిపోయారో చెబుతాను.

ఆ రోజు మా పంచాయతీ ఎన్నికలు. పిచ్చమ్మ వాళ్లది పక్క మండలం, ఓట్లు తర్వాతి విడతలో. చేలో కాయ పండి రాలిపోతోంది, పైన మబ్బు. "ఒక్క రోజు కూడా ఆగే పంట కాదు పిచ్చమ్మా, రండి" అని బతిమాలాను. వచ్చారు. ఓట్లు వేసే బడి ముందు నుంచే ఆటో వచ్చింది. వరసలో నిలబడ్డ ఎవడో తీరికగా ఫోనెత్తి వీడియో తీశాడు.

ఎండెక్కాక మా అమ్మాయి శ్రీరమ్య ఫోను పట్టుకుని చేలోకి పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, ఇది మన పిచ్చమ్మత్త ఆటోనే కదూ?"

అదే. కింద రాత: 'ఖబడ్దార్! ముఖాలు కప్పుకుని దిగిన దొంగ ఓటర్లు! అవతలి పార్టీ బరితెగింపు!' అది ఒక పార్టీ గ్రూపు. రెండో పార్టీ గ్రూపులోనూ అదే వీడియో, అదే రాత. నిందపడే పార్టీ పేరొక్కటే వేరు. నవ్వొచ్చింది. 'ఒరేయ్, అది నా కోత ముఠారా' అని రెండింట్లోనూ మా అమ్మాయి చేత కొట్టించాను. 'ఎంతకి అమ్ముడుపోయావు బాబాయ్?' అని ఇక్కడా అడిగారు, అక్కడా అడిగారు. ఒక్క పూటలో ఇద్దరూ నన్ను కొనేశారు, టీ నీళ్లు పోసినవాడు మాత్రం లేడు.

మధ్యాహ్నానికి ఒక ఆటో కాస్తా నాలుగు లారీలైంది. ఆ తర్వాత గ్రూపుల్లో ఇంకో ఫొటో దిగింది. ఆటోలో చివర కూర్చున్న ఖుర్షిదా నల్ల ఓణీ చుట్టూ ఎర్రటి గుండ్రం గీసి, 'వీళ్లెవరు? మన ఊరి మీదకి ఎవరు తోలారు? ఆలోచించండి' అని. అక్కడ నా నవ్వు ఆగిపోయింది. ఓట్ల గొడవైతే లెక్కింపుతో పోతుంది. ఇది అంతటితో పోయేది కాదు.

సాయంత్రం మా బావమరిది ఫోను. "బావా, సెంటర్లో కుర్రాళ్లు కర్రలు పట్టుకు కూచున్నారు. ఆ ఆటో కనపడిందంటే ఊరుకునేట్టు లేరు."

"పిచ్చమ్మా, ఇవాళ్టికి కాలవకట్ట మీదుగా పోండమ్మా" అన్నాను. ఖుర్షిదా ఆటో అంచుకు జరిగింది. "అక్కా, నన్నిక్కడ దించేయ్, నా మూలాన మీకెందుకు గొడవ?" అంది.

"నోర్ముయ్! తెచ్చినదాన్ని వదిలేసి పోతే నీ మొగుడు పీరుకి ఏం చెప్పమంటావే?" అని కసిరి, పిచ్చమ్మ నా వైపు తిరిగింది. "దొంగతనంగా పోతే దొంగలమనే కదన్నా అంటారు. వచ్చిన దారినే పోతాం." డ్రైవరు పక్కన నేనెక్కాను. దారంతా ఆంజనేయ దండకమే.

సెంటర్లో ఆటోకి అడ్డంగా ఈ పార్టీ యలమంద, ఆ పార్టీ రఘురామ్. ఎదురుపడితే మొహం తిప్పుకునే ఇద్దరూ భుజాలు రాసుకుని నిలబడ్డారు. ఊరు కలవడానికి ఇదా సందర్భం!

"ఆపు! తువ్వాళ్లు తియ్యమను. ఎవరో చూడాలి" అని అరిచాడు యలమంద. నేను దిగి ఏదో చెప్పబోతే, "నువ్వు పక్కకి జరుగు బాబాయ్" అని తోసేశాడు.

పిచ్చమ్మ దూకింది. "తియ్యాలా బాబూ? తీస్తా. తర్వాత నన్నేమీ అనబాకండి."

మొహానికున్న తువ్వాలు విప్పి, వాళ్ల ముందు బారెడు చాచి ఫెళ్లున దులిపింది. పొద్దుటి నుంచి పట్టిన మిరప ఘాటు! "మీరూ తియ్యండే, అయ్యలు చూస్తారంట!" అని కేకేసింది. ఆటోలో ఉన్న తువ్వాళ్లన్నీ ఒక్కసారి లేచాయి.

ఇక చూడండి. హాచ్ అని యలమంద, హాచ్ అని రఘురామ్. కర్రలు కిందపడ్డాయి, కళ్లు ధారలు కట్టాయి. "వేళ్లు చూపించండే" అంది పిచ్చమ్మ. అందరూ ఎడమ చేతులెత్తారు. కాయ తెంపి తెంపి కందిపోయిన వేళ్లు, ఒక్కదాని మీదా సిరా చుక్క లేదు. "చూడండి బాబూ, కళ్లు తెరిచి చూడండి!" అంటుంది. వాళ్లు తెరవగలిగితేగా?

"మండిపోతోంది అక్కో, నీళ్లు!" అన్నాడు రఘురామ్.

"నీళ్లకి తగ్గదయ్యా, మజ్జిగతో కడుక్కో" అంది, సొంత కొడుక్కి చెప్పినట్టు. గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అంటుకుని సెంటరంతా పాకింది. యలమందే ముక్కు తుడుచుకుంటూ ఆటోకి దారిచ్చాడు. హమ్మయ్య! నేను టీ కొట్టు బల్ల మీద కూలబడి రెండు గ్లాసులు తాగితేగాని మనిషిని కాలేదు.

అయితే వీడియో మాత్రం ఆగలేదు. తుమ్మినవాళ్లు ఎవరూ తుమ్మిన సంగతి గ్రూపుల్లో పెట్టలేదు మరి. అది పిచ్చమ్మ వాళ్ల ఊరికీ చేరే ఉంటుంది. ఇక ఏ మొగుడు పంపుతాడు పెళ్లాన్ని? కాయ పోతే పోయింది, ఆ మనుషులు మళ్లీ మా ఊరి మొహం చూడరేమోనని ప్రాణం ఉసూరుమంది.

మర్నాడు పొద్దున్నే రోడ్డు మీద నిలబడ్డాను. మంచులోంచి ఆటో వచ్చింది. నిండుగా వచ్చింది! పిచ్చమ్మ గొంతు ఆటో కంటే ముందొచ్చింది. "ఏందన్నా అట్టా గుడ్లప్పగించి చూస్తావు? ఇంటింటికీ పోయి మళ్లీ మాటిచ్చి తెచ్చా. పీరు ససేమిరా అన్నాడు. నిన్న ఇంటికి చేర్చింది ఎవరయ్యా అని అడిగా, తనే తెచ్చి ఆటో ఎక్కించాడు."

నాకు కళ్లు చెమర్చాయి. అప్పుడు చూశాను, ఒక్క మొహానికీ తువ్వాలు లేదు.

"చేలో కట్టుకుంటాంలే. ఊరు దాటిందాకా మమ్మల్ని చూడనీ" అంది పిచ్చమ్మ.

నేనూ చూశాను. ఏళ్లుగా నా చేలో కాయ కోస్తున్న మనుషులు. నిన్న సెంటర్లో తువ్వాళ్లు విప్పినప్పుడు కూడా నా చూపంతా కర్రల మీదే ఉంది. పిచ్చమ్మ తప్ప ఒక్కరినీ పోల్చుకోలేకపోయాను. నల్ల ఓణీ కోసం వెతికాను, అదీ ఎవరి నెత్తినా లేదు.

"మీలో ఖుర్షిదా ఎవరమ్మా?" అని అడిగాను.

ముందు కూర్చున్న, నెరిసిన జుట్టావిడ నవ్వింది. "నేనేనన్నా" అంది.