చీమలు చొరని బీరువా

నేను జన్మలో ఒకే ఒక్క బీరువా చేశాను. దాన్ని తలచుకుంటే మా ఇంట్లో వాళ్ళకు ఈనాటికీ నవ్వుతో పొలమారుతుంది. పరువు పోతే పోయింది, మీకూ చెప్పేస్తాను.

యుద్ధం నడుస్తున్న రోజులు. గురజాలలో మా కొత్త కాపురం. మా ఆవిడ రాజ్యం పుట్టింటి నుంచి సారెగా తెచ్చిన సున్నుండలకు రెండు రోజుల్లో చీమలు పట్టేశాయి. పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆషాఢానికి పుట్టింటికి బయల్దేరుతూ, "శ్రావణంలో మళ్ళీ సారె తెస్తా. అదీ చీమల పాలేనా?" అంది.

"చీమ కాదు గదా, చీమ నీడ కూడా సోకని బీరువా చేసి పెడతా, చూడు!" అన్నాను. పాతికేళ్ళ వయసు. రోషం బండెడు, పనితనం సున్న.

బండ్లు చేసే మస్తాన్ బాబాయ్ తన దగ్గర మిగిలిపోయిన చెక్కలు ఇచ్చాడు. అరలకూ తలుపులకూ సరిపోయాయి గాని కాళ్ళకు చాలలేదు. పెరట్లో గాలివానకు పడిపోయిన మునగచెట్టు ఉంది. ఇంకేం! నాలుగు కొమ్మలు నరికి తెచ్చాను.

"ఒరేయ్ అబ్బాయ్, పచ్చి మునగ కాళ్ళేందిరా? బెరడన్నా తియ్యి!" అన్నాడు బాబాయ్.

"బెరడుంటేనే అందం బాబాయ్!"

"నీకు చెప్పే బదులు నా ఎద్దుకు చెప్పుకున్నా బాగుండేది."

బీరువాను వంటింటి వసారాలో నిలబెట్టి, కాళ్ళ కింద నాలుగు మూకుళ్ళు పెట్టి, నిండా నీళ్ళు పోశాను. చీమలకు ఈత వచ్చా? రాదు! ఆ సంబరంలో అరగంట సేపు దాని చుట్టూ ప్రదక్షిణాలు చేశాను.

పది రోజులు తిరిగేసరికి బీరువా కాళ్ళు చిగుళ్ళు వేశాయి.

"అమ్మా, కత్తి ఏదీ?" అని కేకపెట్టాను.

"కొయ్యమాక! ఆషాఢంలో మునగాకు తినాలిరా. వసారాలోనే చేతికందుతుంటే ఇంకేం గావాలి? నువ్వు నీళ్ళు పోస్తా ఉండు" అంది అమ్మ.

ముందు కాళ్ళ ఆకు రోజూ అమ్మ పప్పులోకి పోయేది. వెనక కాళ్ళ కొమ్మలు ఎవరికీ అందక, గోడ దాకా హాయిగా ఎదిగాయి.

శ్రావణంలో రాజ్యం వచ్చింది.

"ఇదేందండీ, బీరువానా, పందిరా?"

"ఏదైతేనేం? చీమ వస్తే నన్నడుగు!" అని సారె అంతా దగ్గరుండి పై అరలో పెట్టించాను.

తెల్లారింది. "ఏవండీ, ఒక్కసారి ఇటు రండి" అని పిలిచింది. గొంతు చాలా మెత్తగా ఉంది. పెళ్ళైన వాళ్ళకు ఆ మెత్తదనం ఏమిటో చెప్పనక్కర్లేదు.

వెళ్ళి చూద్దును గదా! గోడ మీద నుంచి కొమ్మ మీదకు, కొమ్మ మీద నుంచి అరలోకి చీమల బారు, పెళ్ళి ఊరేగింపులా. ఒక్కదాని కాలికైనా తడి అంటితే ఒట్టు!

"చానా దూరం ఆలోచించారండీ," అంది రాజ్యం. "పాపం, తడుస్తాయని వంతెన కూడా కట్టారు."

ఆ సాయంత్రమే నాలుగు కాళ్ళూ ఊడదీయించి పెరట్లో పాతించింది. మరుసటి ఏడు కాయలు విరగకాశాయి. వీధి వీధంతా పంచిపెడుతూ, ప్రతి గుమ్మంలోనూ అదే మాట: "తీసుకోండి పిన్నీ, మా ఆయన చేసిన బీరువా కాళ్ళు!"

అందుకే తూర్పు తిరిగి, దణ్ణం పెట్టి ప్రమాణం చేస్తున్నాను. వైద్యుడు స్వయంగా వచ్చి, నాడి పట్టుకుని చూసి, చచ్చిపోయిందని చెబితే తప్ప, ఈ జన్మలో ఇక ఏ కొయ్యకూ మేకు కొట్టను.