నిండినట్టు చూపిన అరగంట

ఇన్నేళ్లూ ఈ మాటను గొంతులోనే ఉంచుకుని తిరిగాను. ఇంట్లో చెప్పలేదు. దేవుడి ముందు చెప్పబోయి కూడా, సగంలో ఆపి, హారతి కళ్లకద్దుకుని వచ్చేశాను. ఇప్పుడు మీకు చెబుతున్నాను. నేనెవరో మీకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానా? అదే నిజమైతే ఇందులోనూ నా తెలివే ఉందన్నమాట.

మాది నరసన్నపేటలో కిరాణా కొట్టు. అక్కడ చిన్నప్పుడే ఒక విద్య పట్టుబడింది. సరుకుకు కటకటగా ఉన్నప్పుడు, వెనక గదిలో బస్తాలున్నా సరే, అడిగినవాడికి లేదనాలి. వాడు మెట్లు దిగుతుంటే వెనక్కి పిలిచి, నీకోసం ఎలాగో సర్దుతానులే అనాలి. సరుకు అదే, ధర అదే. కానీ వాడు ఇక జన్మలో మన కొట్టు విడిచిపెట్టడు.

ఈ విద్యను ఆఫీసుకు తీసుకెళ్లాను.

శ్రీకాకుళంలో ఒక విత్తనాల కంపెనీ ప్రాంతీయ కార్యాలయం. అన్ని పనులూ కంప్యూటర్లోకి ఎక్కుతున్న కాలం. హైదరాబాదు నుంచి జోనల్ మేనేజరు నెలకోసారి వచ్చేవారు. ఆయన్ని ఎవరు ఎప్పుడు కలవాలో ఆఫీసు క్యాలెండర్‌లో పెట్టడం నా పని. ఆ క్యాలెండర్ అన్ని బ్రాంచీల వాళ్లకూ కనిపించేది. అయితే వాళ్లకు తెలిసేది ఆ సమయం ఖాళీయా, నిండిందా అన్నంత వరకే. ఎవరితో నిండిందో నాకొక్కడికే తెలుసు.

ఇంకేం కావాలి? డీలర్లతో సమీక్ష అని ఒకటి, గోదాము సంగతులు అని ఇంకొకటి, లేని మీటింగులు పెట్టి మంచి మంచి వేళలన్నీ ముందే నింపేసేవాణ్ణి. ఎవరైనా అడిగితే చాలా కష్టమండీ అనేవాణ్ణి. మర్నాడు ఫోన్ చేసి, మీకోసం ఒకరిని పక్కకు జరిపాను అనేవాణ్ణి. పలాస నుంచి జీడిపప్పు పొట్లం వచ్చేది. పప్పు కన్నా రుచిగా ఉండేది వాళ్ల గొంతులోని లొంగుబాటు. నా జీతానికి అంత మర్యాద ఎక్కడ దొరుకుతుంది?

ఇక అసలు సంగతికి వస్తాను. రావాలి కదా.

కొత్తవలస బ్రాంచిలో అకౌంట్లు చూసే ఆవిడ ఉండేది. రాజేశ్వరి అందాం, అసలు పేరు అది కాదు. ఆవిడ కూతురికి పుట్టుకతోనే చెవులు వినపడవు. విజయనగరంలో మాటలు నేర్పే బడి ఒకటుంటే అందులో వేసి, రోజూ రైల్లో తీసుకెళ్లి తీసుకొచ్చే ఏర్పాటు చేసుకుంది. పిల్లకు అప్పుడప్పుడే నాలుగు మాటలు వస్తున్నాయి. అంతలో బదిలీల గాలి లేచింది. మా జోనల్ మేనేజరు సారు కింది ఉద్యోగుల ఫోన్లు తీసే మనిషి కాదు. ఏదున్నా ఎదుట కూర్చుని చెప్పుకోవాలి. ఆవిడ నాకు ఫోన్ చేసింది.

“తమ్ముడా, సారుతో ఒక్క అరగంట ఇప్పించవా? నన్ను ఒడిశా పంపేస్తారని వినిపిస్తన్నాది. పిల్ల సంగతి ఆయనకి తెల్దు. నా నోటితో నాను సెప్పుకుంటే ఇంటారేమో.”

“అంతా నిండిపోనాదక్కా. కంప్యూటర్లో నీకూ కనిపిస్తన్నాది కదేటి.”

“కనిపిస్తన్నాదిరా. ఎవులైనా మానేస్తారేమో. సెలవెట్టి వచ్చి మీ ఆఫీసు కాడ కూకుంటాను.”

“అంత దూరం నుంచి ఊరికే ఎందుకక్కా? ఖాళీ అయితే నానే ఫోన్ సేస్తాను.”

ఆ చివరి మాట ఎందుకన్నాను? ఆవిడ వచ్చి బల్ల మీద కూర్చుంటే నా ఉత్తుత్తి మీటింగులకు ఎవరూ రాకపోవడం కళ్లారా చూస్తుంది. అందుకు.

ఆ నెల సారు వచ్చే రోజు పదకొండున్నరకు నింపిన ఉత్తుత్తి మీటింగును అలాగే ఉంచాను. మా ప్రాంతంలో పలుకుబడి ఉన్న ఒక బ్రాంచి మేనేజరు చివరి నిమిషంలో అడుగుతాడని నా లెక్క. నా ప్రమోషన్‌కు ఆయన మాట పనికొస్తుంది. రాజేశ్వరక్క మాట దేనికి పనికొస్తుంది? ఇంత నీచంగా అనుకున్నానా అంటే, ఇన్ని మాటల్లో అనుకోలేదు. చెయ్యి దానంతటదే అలా చేసింది. అలవాటు పడ్డ చెయ్యి.

ఆయన అడగలేదు. ఆ నెల ఆయనకు సారుతో పనే లేదు.

పదకొండున్నర అయింది. ఇప్పుడెవరయ్యా అన్నారు సారు. వాళ్లు రాలేమని కబురు పెట్టారండీ అన్నాను. ఆయన టీ తెప్పించుకున్నారు. కాసేపు కిటికీలోంచి రోడ్డు మీద ఆటోలు చూశారు. తర్వాత, ఖాళీగా కూర్చోవడం ఎందుకు, ఆ బదిలీల కాగితాలు పట్టుకురా, ఆ పని అయిపోతుంది అన్నారు. తెచ్చి ముందు పెట్టింది నేనే. ఆవిడ కాగితం మీద కూడా సంతకం పడింది. అక్కడే నిలబడి ఉన్నాను. సార్, ఈవిడకి ఒక ఇబ్బంది ఉందండీ. అంతే కదా అనవలసింది? నోరు పెగల్లేదు. ఇందాక లేని మనిషిని సృష్టించిన నోరే.

ఆ ఇంటికి ఆవిడ జీతమే ఆధారం. పిల్లను తీసుకుని ఒడిశా వెళ్లింది.

చాలా ఏళ్ల తర్వాత, ఒక ఆదివారం, అరసవల్లిలో చెప్పుల స్టాండు దగ్గర తారసపడింది. పక్కన ఎదిగిన కూతురు. ఆ పిల్ల సైగలతో ఏదో అడిగితే ఆవిడ సైగలతోనే జవాబిచ్చింది. అక్కడ అలాంటి బడి దొరకలేదట. వచ్చిన ఆ నాలుగు మాటలూ కూడా పోయాయట. నేను ఏదో గొణిగితే ఆవిడే నన్ను ఓదార్చింది. “నువ్వేటి సేస్తావురా, నిండిపోనాది గదా” అంది.

అవునన్నట్టు తలూపాను. చెయ్యవలసిన తప్పు ఇంకా మిగిలి ఉన్నట్టు.

నాతో నేను చాలా బేరాలాడాను. కలిసినా సారు వినేవారు కాదేమో. ఆ బడిలో చదివినా పిల్లకు మాటలు నిలిచేవి కాదేమో. ప్రతిసారీ పాపంలో కొంత తగ్గించమని అడుగుతాను. అవతల బేరం ఒప్పుకునేవాళ్లు ఎవరూ ఉండరు. క్షమించమనీ అడగను. నేను అడిగితే అదీ బేరమే అవుతుంది. ఆవిడ ఇప్పుడెక్కడుందో కనుక్కోవచ్చు. కనుక్కోలేదు. మీకు చెప్పినంత సులువు కాదది.

చెప్పినందుకు ఊపిరి కొంచెం ఆడుతోంది. అంతే. అంతకుమించి ఏమీ మారలేదు.

అక్కా, ఆ రోజు పదకొండున్నరకు సారు ఖాళీగానే ఉన్నారు.