అమ్మ లాగిన తెర

నేను ఇస్లాం స్వీకరించి నెల కాలేదు. మంగళగిరిలో అమ్మ ఇంట్లో నమాజు చేయడం ఇవాళే మొదలు. ఫోన్‌లో మక్కా దిక్కు వెతికితే సరిగ్గా అమ్మ దేవుడి గూడునే చూపించింది. రెండో గది నిండా మగ్గమే. చాప ఎటు జరిపినా ఎదురుగా గూట్లోని దేవుడి పటాలే, బొమ్మలకు ఎదురుగా నమాజు చేయకూడదాయె. సాయంత్రం చేయాల్సిన అసర్ నమాజు వేళ దాటిపోతోందని ఒకటే కంగారు.

మతం మారానని తెలిశాక నాతో సరిగ్గా మాట్లాడని అమ్మ, మగ్గం ముందు కూర్చుని ఇదంతా చూస్తూనే ఉంది. చివరికి విసుక్కుంటూ లేచొచ్చి గూటికి తెర లాగేసింది.

"పిల్లి పిల్లల్ని తిప్పినట్టు ఆ చాపనెంతసేపు తిప్పుతావే? కానియ్యి."

నమాజు చేశానే గానీ మనసు నిలిస్తే ఒట్టు. ఆ తెర నా కోసం వేసిందా, నన్నలా చూడలేరని ఆ దేవుళ్ళ కోసం వేసిందా? అడుగుదామని లేచేసరికి, తెర తీసి దీపం పెడుతోంది. మీరైతే అడిగేవారా?