ఒక్క గంట లేస్తే చాలు

అది రెండువేల ఇరవై మూడు, మే నెల. చీరాలలో ఫ్రీజర్ బాక్సులు ఇళ్ళకి తీసుకెళ్ళి పెట్టే పని మొదలుపెట్టి అప్పటికి చాలా ఏళ్ళయింది. మాది మగ్గాల ఇల్లు. మగ్గం మీద సాగక ఈ పనిలోకి వచ్చాను. ఫ్రీజర్ బాక్స్ అంటే చనిపోయినవాళ్ళని ఖననం దాకా ఇంటి దగ్గర పడుకోబెట్టే అద్దాల పెట్టె. అడుగున కంప్రెసర్ ఉంటుంది, ఇంట్లో ఫ్రిజ్‌కి ఉండేలాంటిదే. మూత అంచు చుట్టూ గాస్కెట్ అనే రబ్బరు పట్టీ ఉంటుంది. పట్టీ సరిగ్గా కూర్చుని, కరెంటు ఆగకుండా ఉంటే శరీరం చెడిపోదు. రెండింటిలో ఏది తప్పినా మా ఎండలు ఊరుకోవు.

ఆ రోజు పొద్దున్నే ఏసుపాదంగారు ఫోన్ చేశారు. ముందు రోజు సాయంత్రమే వాళ్ళ ఇంట్లో పెట్టె దించి వచ్చాను. పర్చూరు వైపు వెళ్ళే దారిలో ఉన్న పల్లె వాళ్ళది. చనిపోయింది ఆయన తమ్ముడు సుధాకర్. గుంటూరులో కోల్డ్ స్టోరేజీ దగ్గర మిర్చి బస్తాలు మోసే మనిషి, నలభై దాటి ఉండడు. బస్తా భుజాన ఉండగానే కూలిపోయాడట. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

"శ్రీనుగారూ, పెట్టె ఆపేశారండి. మా మరదలు ప్లగ్ పీకేసింది. మీరు వెంటనే రండి" అన్నారు ఏసుపాదంగారు. ఆయన గొంతు మామూలుగా లేదు.

నేను వెళ్ళేసరికి వాకిట్లో షామియానా కింద జనం గుంపులుగా నిలబడి ఉన్నారు. ఎవరూ కూర్చోలేదు. సాధారణంగా చావింట్లో జనం కూర్చుంటారు. నిలబడ్డారంటే గొడవ రాబోతోందని మా పనిలో ఉన్నవాళ్ళకి తెలుస్తుంది.

లోపల పెట్టె మూత ఎత్తి గోడకి ఆనించి ఉంది. తెల్ల చొక్కా వేసుకున్న కుర్ర ప్రసంగీకుడు ఒకాయన కళ్ళు మూసుకుని, సుధాకర్ గుండెల మీదికి చెయ్యి చాపి ప్రార్థన చేస్తున్నాడు. అందరూ ఆయన్ని బ్రదర్ అంటున్నారు. పక్క ఊళ్ళో శుక్రవారం కూటాలు పెడతాడట. ఆయన వెనక అయిదారుగురు ఆడవాళ్ళు సన్నగా పాడుతున్నారు. సుధాకర్ భార్య సునీత స్విచ్ బోర్డుకి వీపు ఆనించి కూర్చుంది. ప్లగ్ ఆమె ఒళ్ళో ఉంది.

నేను సుధాకర్ ముఖం చూశాను. ముక్కులో పెట్టిన దూది తడిసింది. పొట్ట కొంచెం ఉబ్బింది. బయట ఎండ అప్పుడప్పుడే ముదురుతోంది.

"అమ్మా, ఈ ఎండకి ఆగదమ్మా. నన్ను ప్లగ్ పెట్టనీండి" అన్నాను.

"వద్దన్నా. మిషన్ పెడితే నేను నమ్మనట్టేనంట. ఆయన లేస్తాడు" అంది సునీత. ఆ గొంతులో ఏడుపు లేదు.

వెనకనుంచి ఏసుపాదంగారు లోపలికి వచ్చారు. "నీకేమన్నా మతి పోయిందా అమ్మా? పదింటికి సమాధి అనుకున్నాం. గొయ్యి తవ్వి ఉంది. ఒరేయ్, ఆ ప్రార్థన ఆపండ్రా. ముందు ఇతన్ని బయటికి లాగండి."

ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు ముందుకి కదిలారు. పాట పాడుతున్న ఆడవాళ్ళు లేచి అడ్డం నిలబడ్డారు. బ్రదర్ కళ్ళు తెరవలేదు. సునీత మాత్రం ఏసుపాదంగారి వైపు చూసి, "బావగారూ, నన్ను తొక్కి వెళ్ళండి" అంది.

ఎవరో ఎవరినో తోశారు. పెట్టె అంచుకి ఒకడి మోకాలు తగిలి శరీరం కదిలింది. నేను రెండు చేతులూ చాపి పెట్టెకి అడ్డం నిలబడ్డాను. "అయ్యా, పెట్టె పడితే మనిషి కింద పడతాడు. దండం పెడతాను, మీరు కాసేపు బయట ఉండండి. నేను మాట్లాడతాను" అన్నాను. నా మాట మీద గౌరవంతో కాదు గానీ, మనిషి కింద పడతాడన్న మాటకి అందరూ వెనక్కి తగ్గారు.

నేను సునీత పక్కన నేల మీద కూర్చున్నాను. ఆమే గొంతు తగ్గించి మాట్లాడింది.

"మీరు మా సంఘం వాళ్ళు కాదు కాబట్టి చెబుతున్నానన్నా. ఆయన బాప్తిస్మం తీసుకోలేదు. పెళ్ళైన కాడినుంచి అడుగుతున్నా. ఈ మిర్చి సీజన్ కానివ్వు, వచ్చే సీజన్ కానివ్వు అనేవాడు. ఆదివారం గుడికొచ్చినా లోపలికి రాడు, మెట్ల మీద కూర్చుంటాడు. మొన్నీమధ్యే ఒప్పుకున్నాడు. వచ్చే నెల వాడరేవులో సముద్రంలో ఇస్తానన్నారు మా పాస్టరు అయ్యగారు. ఈలోపు ఇట్లా అయింది."

"మరి ఇప్పుడు?"

"బాప్తిస్మం లేకుండా పోయిన ఆత్మకి పరలోకం లేదంట. నరకమేనంట. నేను ఆయన్ని నాకిమ్మని అడగట్లేదన్నా. ఒక్క గంట లేస్తే చాలు. ఆటోలో వాడరేవు తీసుకుపోతాను. నీళ్ళల్లో మునిగి లేచాక, దేవుడు మళ్ళీ తీసుకుపోనీ. నేను ఏడవను కూడా."

వాకిట్లో ఉన్నవాళ్ళంతా ఆమె మొగుడి మీద పిచ్చి ప్రేమతో ఇలా చేస్తోందనుకుంటున్నారు. ఆమె భయం వేరే.

అప్పుడే వాళ్ళ సంఘం పాస్టరు రత్నం అయ్యగారు స్కూటర్ దిగారు. ముసలాయన. మోకాళ్ళ నొప్పితో మెల్లగా నడుస్తారు. ఏసుపాదంగారు ఎదురెళ్ళి జరిగిందంతా చెప్పినట్టున్నారు, అయ్యగారి ముఖం కందిపోయింది. "ఎక్కడ ఆ అబద్ధ బోధకుడు?" అంటూ మెట్లెక్కుతున్నారు. నేను గబగబా ఎదురెళ్ళి పక్కకి పిలిచాను.

"అయ్యగారూ, ఆమె భర్త బతకాలని అడగట్లేదండి. బాప్తిస్మం కోసం ఒక్క గంట అడుగుతోంది. నరకానికి పోతాడని భయపడుతోంది."

ఆయన గుమ్మం పట్టుకుని ఆగిపోయారు. ముఖంలో కోపం పోయింది, కానీ దాని బదులు వచ్చింది ధైర్యం కాదు. చెప్పులు విడిచి, లోపలికి వెళ్ళి, బ్రదర్ వైపు చూడకుండా సునీత ఎదురుగా కష్టపడి కింద కూర్చున్నారు.

"అయ్యగారూ, ఆయన ఎక్కడున్నాడు ఇప్పుడు?" అని అడిగింది సునీత.

ఆయన మోకాలు సర్దుకుని, పెట్టెలో ఉన్న సుధాకర్ వైపు చూశారు. చెప్పేదేదో తొందరగా చెబితే బాగుండునని నాకు అనిపించింది. గదిలో వేడి పెరుగుతోంది, ఒక ఈగ పెట్టె అంచు మీద వాలింది.

"కన్ను మూయగానే ఆత్మ ప్రభువు దగ్గరికి వెళుతుందని మా నాన్న చెప్పేవాడమ్మా. నాకు చదువు చెప్పిన గురువు మాత్రం, లోకాంతాన కడబూర మోగేదాకా నిద్రలో ఉంటుందనేవాడు. నేను ఎంతోమందిని సమాధి చేశాను. ఒక్కరూ తిరిగొచ్చి ఇదీ సంగతి అని నాకు చెప్పలేదు."

"మరి బాప్తిస్మం?"

"తీసుకోమని నేనే వాడి వెంటపడ్డాను. అవసరం లేదని ఇప్పుడెట్లా అంటాను? కానీ సముద్రం దాకా రావడానికి బయలుదేరినవాణ్ణి, నీళ్ళు తగల్లేదని దేవుడు తోసేస్తాడని మాత్రం నేను నమ్మనమ్మా."

"నమ్మనంటున్నారు. ఖాయంగా చెప్పండి."

"ఖాయంగా చెప్పేవాణ్ణి నేను కాదు. వాడు ఎవరి చేతుల్లోకి వెళ్ళాడో నాకు తెలుసు. అంతవరకే తెలుసు."

సునీత ముందుకి వంగింది. "పోనీ ఇప్పుడు ఇవ్వండి. చెంబుడు నీళ్ళు తెస్తాను. తల మీద పోయండి చాలు."

అయ్యగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పొయ్యలేనమ్మా. పోస్తే నీ మనసు కుదుటపడుతుంది. కానీ అది బాప్తిస్మం కాదని నాకు తెలుసు. నీకు అబద్ధం చెప్పలేను."

బ్రదర్ అప్పుడు కళ్ళు తెరిచాడు. "అమ్మా, అవిశ్వాసపు మాటలు వినొద్దు. ఇంకా ప్రార్థన చెయ్యి. లేస్తాడు."

సునీత ఆయన వైపు తిరిగింది. "ఎప్పటికి లేస్తాడు బ్రదర్?"

"అది నీ విశ్వాసాన్ని బట్టి."

"లేవకపోతే?"

ఆయన మళ్ళీ సుధాకర్ మీదికి చెయ్యి చాపాడు.

"లేవకపోతే నా విశ్వాసం చాలనట్టా? నా మూలంగా ఆయన నరకంలో ఉంటాడా?"

పాట ఆగిపోయింది. బ్రదర్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సునీత ఆయన ముఖంలోకి చూస్తూ చాలాసేపు ఎదురుచూసింది. తర్వాత అయ్యగారి వైపు చూసింది. ఆయన తల వంచుకుని కూర్చున్నారు. ఇద్దరిలో ఎవరి దగ్గరా ఆమెకి కావలసింది లేదు. కానీ అయ్యగారు లేదని ఒప్పుకున్నారు.

ఆమె ఒళ్ళోంచి ప్లగ్ తీసి నా చేతికిచ్చింది.

"పెట్టన్నా" అంది. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు వినపడగానే వాకిట్లో మగవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. ఏసుపాదంగారు లోపలికొచ్చి మరదలి తల మీద చెయ్యి పెట్టి అలా నిలబడిపోయారు.

మూత వేసేముందు కాసేపు ఆగమని, సునీత లోపలి గదిలోంచి తెల్ల చొక్కా, పంచె తెచ్చింది. బాప్తిస్మం కోసం కొన్నవట, ఇంకా మడత విప్పలేదు. ఆడవాళ్ళతో పాటు ఆ బ్రదర్ కూడా ఒక చెయ్యి వేసి ఆ బట్టలు తొడిగించాడు. తర్వాత ఆయన బయటికొచ్చి మా బండి నీడలో కూలబడ్డాడు. నేను మంచినీళ్ళు ఇచ్చాను. తెల్లవారినప్పటినుంచి ఏమీ తాగలేదట, ఒక్క గుక్కలో తాగేశాడు. "నేను నిజంగానే లేస్తాడనుకున్నానండి" అన్నాడు. నేను గ్లాసు మళ్ళీ నింపాను. ఆయన అబద్ధం చెప్పాడని ఇప్పటికీ నేననుకోను.

సమాధి సాయంత్రానికి జరిగింది. బాప్తిస్మం లేనివాడికి సంఘం స్థలంలో పూర్తి ఆరాధన చెయ్యకూడదని ఒక సంఘ పెద్ద అడ్డు చెప్పాడు. రత్నం అయ్యగారు, "నేనే చేస్తున్నాను, తప్పయితే దేవుడికి నేను జవాబు చెప్పుకుంటాను" అని, ఆ మోకాళ్ళతోనే చివరిదాకా నిలబడి ప్రార్థన చేశారు.

నేను ఖాళీ పెట్టె బండెక్కిస్తుంటే సునీత గుమ్మంలోకి వచ్చింది. "అన్నా, ఇందులో ఉన్నంతసేపు ఆయనకి చలేసి ఉంటుందా?" అని అడిగింది.

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. లోపలున్న మనిషికి మా మాటలు వినపడతాయా అని కూడా అడుగుతారు. అంతకుముందు ఏదో ఒకటి ధైర్యంగా చెప్పేసి, తాళ్ళు బిగించుకుని వెళ్ళిపోయేవాణ్ణి. చావింట్లో తొందరగా చెప్పే జవాబు అడిగినవాళ్ళ కోసం కాదని, అక్కణ్ణుంచి బయటపడటానికేనని ఆ రోజు నాకు అర్థమైంది.

"నాకు తెలీదమ్మా" అన్నాను. అని, బండి తాళం జేబులో వేసుకుని, ఆ అరుగు మీద ఆమెకి కొంచెం దూరంగా కూర్చున్నాను.